పడ్ఘాలో లైను పడిపోతే పట్టాల మీద బండి ఎందుకు ఆగుతుంది?

వరాలా తలావ్ చుట్టుపక్కల కామత్‌ఘర్, పద్మానగర్ వీధుల్లో కరెంటు పోయిన సంగతి ఒకరు చెప్పక్కర్లేదు. సాంచాల (మరమగ్గాల) చప్పుడు ఆగిపోతుంది, అంతే. తెలంగాణ జిల్లాల నుంచి తరాల కిందట భివండీకి వచ్చి స్థిరపడ్డ పద్మశాలి కుటుంబాలకు కరెంటంటే బల్బు, ఫ్యాను మాత్రమే కాదు. సాంచా నడిస్తేనే కూలి, ఆగితే లేదు. మీటరు లెక్కన కూలి తీసుకునేవాడికి ఆగిన గంటకు ఎవరూ డబ్బు కట్టివ్వరు. పైగా నడుస్తున్న సాంచా మధ్యలో ఆగితే పడుగు మీద పట్టు సడలుతుంది. మళ్లీ మొదలుపెట్టిన చోట గుడ్డలో అడ్డంగా ఒక గీత పడుతుంది. గుడ్డ సరిచూసేవాడు ఆ గీత మీద వేలు పెట్టి ధర తగ్గిస్తాడు.

కాబట్టి కరెంటు పోవడం గురించి ఇక్కడివాళ్లకు కొత్తగా నేర్పేదేమీ లేదు. కానీ 2020 అక్టోబర్ 12, సోమవారం ఉదయం పది గంటల ప్రాంతంలో జరిగింది రోజూ జరిగే కరెంటు కోత కాదు. ముంబయి నగరం, థానే, నవీ ముంబయిలలో చాలా భాగం ఒక్కసారిగా చీకటి పడింది. మధ్య రైల్వే, పశ్చిమ రైల్వే లోకల్ బండ్లు ఎక్కడివక్కడ నిలిచిపోయాయి. ఆ రోజు అందరి నోటా వినపడిన పేర్లు రెండు: కల్వా, పడ్ఘా. ఈ పడ్ఘా ఎక్కడో లేదు, భివండీ తాలూకాలోనే ఉంది. నాసిక్ హైవే మీద వెళ్లేవాళ్లు ఆ పేరున్న బోర్డును ఎన్నోసార్లు చూసే ఉంటారు. మన పక్కనున్న సబ్‌స్టేషన్‌కు, చర్చిగేట్ దగ్గర ఆగిన లోకల్‌కు సంబంధం ఏమిటో తెలియాలంటే కాస్త నింపాదిగా చెప్పుకోవాలి.

కరెంటు పోవడంలో మూడు రకాలున్నాయి. వీధి చివర ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతే నాలుగు గల్లీలకు పోతుంది. మనుషులు వచ్చి బాగు చేస్తారు. రెండోది లోడ్ షెడ్డింగ్. సరఫరా చాలడం లేదని ఒక ఫీడర్‌ను కావాలనే కొన్ని గంటలు కట్టేస్తారు. భివండీ పాతతరంవాళ్లు దీన్ని బాగా ఎరుగుదురు. 2007 జనవరిలో ఇక్కడి కరెంటు పంపిణీని రాష్ట్ర కంపెనీ ఫ్రాంచైజీగా టోరెంట్ పవర్‌కు అప్పగించడానికి ముందు, ఈ ఊరికి పంపిన కరెంటులో సగానికి మించి బిల్లు డబ్బుగా తిరిగి రాని రోజులుండేవి. అటువంటి ఊళ్లకే కోతలు ఎక్కువ పడేవి. ఈ రెండు రకాలకూ రైలు ఆగదు. రైల్వే కరెంటు మన వీధి ఫీడర్ నుంచి రాదు. రైల్వే దాన్ని పెద్ద లైన్ల నుంచి నేరుగా తీసుకుంటుంది. మూడోది గ్రిడ్ పడిపోవడం. అప్పుడు ఆ పెద్ద లైన్లే చచ్చిపోతాయి. సాంచా, ఆసుపత్రి, లోకల్ బండి, మంచినీళ్ల పంపు, అన్నీ ఒకే నిమిషంలో ఆగుతాయి.

గ్రిడ్ ఎందుకు పడుతుందో చెప్పాలంటే ఫ్రీక్వెన్సీ నుంచి మొదలుపెట్టాలి. మన కరెంటు సెకనుకు యాభై సార్లు అటూ ఇటూ ఊగుతుంది. అందుకే 50 హెర్ట్జ్ అంటారు. కరెంటును గోదాములో బేళ్లలా నిల్వ పెట్టుకోవడానికి లేదు. బ్యాటరీల్లో, పంపుతో నీళ్లు పైకెక్కించే జలాశయాల్లో పెట్టుకునేది మొత్తంలో చాలా కొద్ది భాగమే. ఏ క్షణంలో ఎంత వాడుతున్నామో ఆ క్షణంలో అంతే తయారు కావాలి. వాడకం పెరిగి తయారీ తగ్గితే దేశంలోని జనరేటర్లన్నీ కలిసి కొంచెం నెమ్మదిస్తాయి, ఫ్రీక్వెన్సీ 50 కంటే కిందికి దిగుతుంది. వాడకం తగ్గితే పైకి పోతుంది.

దీని ప్రభావం సాంచా మీద ఎలా ఉంటుందో లెక్క వేసి చూడవచ్చు. చాలా సాంచాల మోటారు ప్లేటు మీద 1440 అని ఉంటుంది, నిమిషానికి అన్ని చుట్లు. ఆ వేగం ఫ్రీక్వెన్సీని బట్టే ఉంటుంది. ఒకప్పుడు మన గ్రిడ్లలో 48.5 హెర్ట్జ్ మామూలు సంగతి. అంటే మూడు శాతం తక్కువ. నిమిషానికి 130 పిక్కులు (పేక పోగులు) కొట్టే సాంచా అప్పుడు నాలుగు పిక్కులు తక్కువ కొడుతుంది. పన్నెండు గంటల పాళీలో అది 2,880 పిక్కులు. అంగుళానికి 52 పిక్కుల గుడ్డయితే సుమారు మీటరూ నలభై సెంటీమీటర్లు. ఆరు సాంచాలు చూసుకునే మనిషికి పాళీకి ఎనిమిది మీటర్ల పైచిలుకు కూలి పోయినట్టే. కరెంటు ఒక్క నిమిషం కూడా పోలేదు, అయినా కూలి తగ్గింది. కారణం ఏమిటో ఆ మనిషికి ఎవరూ చెప్పలేదు. 2002, 2003లలో కొత్త టారిఫ్ పద్ధతి వచ్చి, తన వాటాకు మించి లాగిన రాష్ట్రం ఎక్కువ డబ్బు కట్టాలన్నాక ఈ పరిస్థితి మెరుగుపడింది. ఇప్పుడు ఫ్రీక్వెన్సీని 49.90కీ 50.05కీ మధ్య ఉంచాలన్నది నియమం.

ఇక లైన్ల సంగతి. ఒక ఊరికి నాలుగు పెద్ద లైన్లు కరెంటు మోసుకొస్తున్నాయనుకోండి. పల్లకీ మోసే నలుగురు బోయీల్లో ఒకరు కాలు జారితే ఆ బరువు మిగిలిన ముగ్గురి భుజాల మీద పడుతుంది. వాళ్లు ఓర్చుకుంటే సరే, రెండోవాడు కూడా తప్పుకుంటే మిగిలిన ఇద్దరు కూలబడడం ఖాయం. లైన్లదీ అదే వరస. ప్రతి లైనుకూ ఒక కాపలా యంత్రం ఉంటుంది, దాన్ని రిలే అంటారు. లైను మోయగలిగిన దానికంటే ఎక్కువ బరువు పడితే తీగ కాలిపోకుండా రిలే దాన్ని ఆపేస్తుంది. అది తన పని సరిగ్గానే చేసింది. కానీ ఆ బరువు పక్క లైను మీదికి పోయింది. అక్కడి రిలే కూడా తన పని తాను సరిగ్గా చేస్తుంది. అలా ఒకదాని వెంట ఒకటి తప్పుకుని, ఎవరూ తప్పు చేయకుండానే ఊరంతా చీకటవుతుంది.

అక్టోబర్ 12న జరిగింది దాదాపు ఇదే. అప్పటి మహారాష్ట్ర ఇంధన మంత్రి నితిన్ రౌత్ ఆ రోజే చెప్పిన వివరం: కల్వా–పడ్ఘా 400 కేవీ మార్గంలో మొదటి సర్క్యూట్ మరమ్మతులో ఉంది. లోడు మొత్తం రెండో సర్క్యూట్ మీద పెట్టారు. ఆ రెండోదానిలో సాంకేతిక లోపం వచ్చింది. ముంబయికి కరెంటు తెచ్చే ఇతర పెద్ద లైన్లు కూడా అందుబాటు లేక, లేదా భారం మోయలేక తప్పుకోవడంతో రెండు వేల మెగావాట్ల పైచిలుకు లోడు ఒక్కసారిగా పోయింది.

ఇక్కడ ఒక విషయం గట్టిగా చెప్పాలి. ఆ రోజు దేశంలో కరెంటుకు కొరత లేదు. పశ్చిమ గ్రిడ్ చక్కగా నడుస్తూనే ఉంది. కొరత దారికి. ముంబయి సముద్రంలోకి చొచ్చుకుపోయిన నేల. మూడు వైపులా నీళ్లు. బయటి కరెంటు ఉత్తరం నుంచి, తూర్పు నుంచి, అంటే కల్వా, పడ్ఘా, ఖార్‌ఘర్, బోయిసర్ వైపు నుంచి, ఖాడీలు, మడ అడవులు, ఇరుకైన బస్తీలు దాటి రావాలి. కొత్త టవరు నిలబెట్టడానికి చోటు దొరకదు. దొరికితే కేసు పడుతుంది. నగరం వాడకం ఏటా పెరిగింది, దారులు మాత్రం ఆ వేగంతో పెరగలేదు. కరెంటు తయారీ కేంద్రం కట్టినప్పుడు శిలాఫలకం, ప్రారంభోత్సవం, ఫొటోలు ఉంటాయి. లైను కట్టినప్పుడు ఏముంటుంది? మన ప్రణాళికల్లో లైన్లు వెనకబడడానికి ఈ గుర్తింపు లేకపోవడం కూడా ఒక కారణమని నా గట్టి నమ్మకం.

ముంబయికి ఇంకో రక్షణ ఉండేది. బయటి గ్రిడ్ పడిపోతే నగరాన్ని దాని నుంచి కోసేసి, సొంత కరెంటుతో ఒక దీవిలా నడిపే ఏర్పాటు 1981 నుంచి ఉంది. దాన్ని ఐలాండింగ్ అంటారు. ట్రాంబే, డహాణు థర్మల్ కేంద్రాలు, ఖోపోలీ, భివ్‌పురీ, భీరా జలవిద్యుత్ కేంద్రాలు దానికి ఆధారం. ఎన్నో ఏళ్లు ఈ ఏర్పాటు ముంబయికి మంచి పేరు తెచ్చింది. కానీ దీవి నిలబడాలంటే కోసిన క్షణంలోనే దీవి లోపల తయారీ, వాడకం సరితూగాలి. తయారీ తక్కువైతే కొన్ని ఫీడర్లను రెప్పపాటులో కట్టేయాలి. కొన్నేళ్లుగా బయటి కరెంటు చవగ్గా దొరుకుతుండడంతో నగరం లోపలి తయారీ తగ్గుతూ వచ్చింది. ఆ రోజు దీవి నిలవలేదు, ట్రాంబే యూనిట్లు కూడా ఆగిపోయాయి. డహాణు మాత్రం నిలబడి 385 మెగావాట్ల దాకా అత్యవసర సేవలకు ఇచ్చింది.

ఇప్పుడు రైలు దగ్గరికి వద్దాం. రైల్వే తన కరెంటును 110, 132 లేదా 220 కేవీ లైన్ల నుంచి తీసుకుని, పట్టాల పక్కనున్న ట్రాక్షన్ సబ్‌స్టేషన్‌లో 25 కేవీకి దించుకుంటుంది. పట్టాల పైన కనిపించే తీగలో ప్రవహించేది ఆ 25 కేవీయే. బండి నెత్తిన ఉన్న పాంటోగ్రాఫ్ ఆ తీగను రాసుకుంటూ కరెంటు తీసుకుంటుంది. ముంబయి లోకల్ మొదట్లో ఇలా ఉండేది కాదు. 1925 ఫిబ్రవరి 3న అప్పటి విక్టోరియా టెర్మినస్ నుంచి కుర్లాకు దేశంలో మొదటి కరెంటు బండి నడిచినప్పుడు అది 1500 వోల్టుల డీసీ. ముంబయి లోకల్ దారులన్నీ 25 కేవీ ఏసీకి మారడం 2012లో పశ్చిమ రైల్వేలో, 2016లో హార్బర్ లైనుతో మధ్య రైల్వేలో పూర్తయింది.

ఒక ట్రాక్షన్ సబ్‌స్టేషన్ చెడిపోతే బండి ఆగకుండా ఏర్పాటు ఉంది. రెండు సబ్‌స్టేషన్ల పరిధుల మధ్య న్యూట్రల్ సెక్షన్ అని ఒక చిన్న ఖాళీ ముక్క ఉంటుంది. రెండు వైపుల కరెంటు కలిసిపోకుండా అది అడ్డు. ఒక వైపు సరఫరా పోతే కంట్రోల్ రూమ్ నుంచి స్విచ్చులు కలిపి పక్క సబ్‌స్టేషన్ కరెంటును ఇటు పొడిగిస్తారు. బండ్ల సంఖ్య తగ్గించి, వేగం తగ్గించి లాక్కొస్తారు. ఈ ఏర్పాటు మామూలు రోజుల్లో ఎన్ని ప్రమాదాలను తప్పిస్తుందో ప్రయాణికులకు తెలియను కూడా తెలియదు. కానీ అది ఒక నమ్మకం మీద కట్టిన ఏర్పాటు: పక్కవాడి దగ్గర కరెంటు ఉంటుంది అని. గ్రిడ్ పడితే పక్కవాడి దగ్గరా ఉండదు.

సిగ్నళ్లు మాత్రం వెంటనే ఆరిపోవు. వాటికి బ్యాటరీలు, డీజిల్ జనరేటర్లు వేరుగా ఉంటాయి. అందుకే గ్రిడ్ పడితే బండ్లు ఒకదానికొకటి గుద్దుకుంటాయేమోనన్న భయం అక్కర్లేదు. కష్టం వేరు. రెండు స్టేషన్ల మధ్య ఆగిన లోకల్లో బ్యాటరీ మీద నడిచే దీపాలు కొంతసేపు వెలుగుతాయి, తర్వాత మసకబారతాయి. పెట్టెలో మనుషుల ఊపిరి వేడి పెరుగుతుంది. పావుగంట దాటితే ఎవరో ఒకరు దూకుతారు. ఒకరు దూకితే పదిమంది దిగుతారు.

2020లో ఆ రోజు కోవిడ్ ఆంక్షల వల్ల లోకల్స్‌లో అత్యవసర సేవల సిబ్బందికే ప్రవేశం. ఆసుపత్రి ఉద్యోగులు, బ్యాంకులవాళ్లు, మున్సిపల్ కార్మికులు. సామాన్య రోజుల రద్దీ లేకపోవడం ఒక విధంగా అదృష్టం, కానీ ఆ వారం ఎవరు పనికి చేరడం అన్నిటికంటే అవసరమో సరిగ్గా వాళ్లే దారిలో ఇరుక్కున్నారు. హార్బర్ లైను బండ్లు పదకొండు లోపే కదిలాయి. మధ్య రైల్వే మెయిన్ లైను కదలడానికి మధ్యాహ్నం పన్నెండు దాటింది. పశ్చిమ రైల్వేలోనూ దాదాపు అంతే. ముంబయి విశ్వవిద్యాలయం ఆ రోజు ఆన్‌లైన్ పరీక్షలు వాయిదా వేసింది. కొన్ని శివారు ప్రాంతాలకు కరెంటు సాయంత్రానికి గానీ రాలేదు.

రెండున్నర గంటలే కదా అనుకోకూడదు. రైలు ఫ్యాను లాంటిది కాదు, స్విచ్ వేయగానే ఆగిన చోట నుంచి తిరగడానికి. కల్యాణ్‌లో ఉండాల్సిన రేకు (బండి పెట్టెల వరస) దాదర్ దగ్గర ఉంటుంది. మోటర్‌మన్, గార్డుల డ్యూటీ గంటలు నిండిపోతాయి, వాళ్లను దించి వేరేవాళ్లను పంపాలి, ఆ వేరేవాళ్లు మరో ఆగిన బండిలో ఉంటారు. దూరం బండి ఆలస్యమైతే వెనక్కి వెళ్లాల్సిన అదే రేకు ఆలస్యం. దేవగిరి ఎక్స్‌ప్రెస్‌లో నిజామాబాద్ వైపు వెళ్లే కుటుంబానికి ముంబయిలో ఉదయం పోయిన కరెంటుతో ఏం పని అనిపిస్తుంది. కానీ రేకు రానిదే బండి లేదు. ఈ లెక్క సర్దుకోవడానికి ఒక్కోసారి రోజంతా పడుతుంది.

ఈ విషయం బ్రిటన్‌లో 2019 ఆగస్టు 9 సాయంత్రం చక్కగా బయటపడింది. పిడుగు పడ్డ తర్వాత ఒక గ్యాసు విద్యుత్ కేంద్రం, సముద్రంలోని ఒక గాలిమరల కేంద్రం దాదాపు ఒకేసారి తప్పుకున్నాయి. ఫ్రీక్వెన్సీ 48.8కి దిగింది. పది లక్షల పైచిలుకు వినియోగదారులకు సరఫరా కోశారు. ముప్పావు గంటలో అందరికీ తిరిగి ఇచ్చేశారు కూడా. కరెంటువాళ్ల లెక్కలో ఇది బాగా సర్దిన ఘటన. కానీ లండన్ చుట్టూ తిరిగే ఒక రకం కొత్త బండ్లలో, ఫ్రీక్వెన్సీ 49 కంటే దిగితే తమంతట తామే ఆగిపోయే సాఫ్ట్‌వేర్ ఉంది. వాటిలో ఇరవైకి పైగా బండ్లను డ్రైవర్ మళ్లీ నడిపించలేకపోయాడు. ల్యాప్‌టాప్ పట్టుకుని టెక్నీషియన్ పట్టాల మీదికి వెళ్లి ఒక్కో బండినీ లేపాల్సి వచ్చింది. కింగ్స్ క్రాస్ స్టేషన్ ఆ శుక్రవారం సాయంత్రం స్తంభించింది. గ్రిడ్ లేచింది, రైలు లేవలేదు. మన దగ్గర కూడా కొత్త బండ్లన్నీ కంప్యూటర్ల మీదే నడుస్తున్నాయి. గ్రిడ్ ఊగినప్పుడు ఏ బండి ఎంతవరకు ఓర్చుకుంటుందో ముందే పరీక్షించి పెట్టుకోవడం ఖర్చుతో కూడిన పనేమీ కాదు.

దేశం మొత్తాన్ని కదిలించిన ఉదంతం 2012 జూలై చివరిది. జూలై 30 తెల్లవారుజామున రెండున్నరకు ఉత్తర గ్రిడ్ పడింది. దాన్ని లేపారో లేదో మర్నాడు, 31 మధ్యాహ్నం ఒంటిగంటకు ఉత్తర, తూర్పు, ఈశాన్య గ్రిడ్లు మూడూ పడ్డాయి. అరవై కోట్ల మంది పైగా నివసించే ప్రాంతం. మొదట తప్పుకున్న ముఖ్యమైన లైను మధ్యప్రదేశ్‌లోని బీనా నుంచి గ్వాలియర్ వెళ్లే 400 కేవీ లైను. పక్కన మరికొన్ని లైన్లు మరమ్మతులో ఉండడం, కొన్ని రాష్ట్రాలు తమ వాటాకు మించి లాగడం మూలకారణాలని విచారణ సంఘం తేల్చింది. పడ్ఘా కథే, పెద్ద ఎత్తున. మూడు వందల దాకా రైళ్లు దారిలో నిలిచాయి. ఢిల్లీ మెట్రో సొరంగాల నుంచి ప్రయాణికులను దించాల్సి వచ్చింది. బెంగాల్ బొగ్గు గనుల్లో లిఫ్టులు ఆగి కార్మికులు లోపలే ఉండిపోయారు.

ఆ రోజు దక్షిణ గ్రిడ్‌కు ఏమీ కాలేదు. అప్పటికి అది మిగతా దేశంతో ఒకే ఫ్రీక్వెన్సీలో కలిసి లేదు. కలిపింది 2013 డిసెంబర్ 31న, రాయచూర్ నుంచి షోలాపూర్‌కు వేసిన 765 కేవీ లైను. తెలుగు నేతగాళ్ల మరో పెద్ద ఊరు షోలాపూర్ మీదుగానే హైదరాబాదు, విజయవాడల కరెంటు, ముంబయి, ఢిల్లీల కరెంటు ఒక్కటయ్యాయి. ఇది మంచికే జరిగింది. ఒకచోట మిగులు ఉంటే మరోచోట వాడుకోవచ్చు. ఇంత పెద్ద గ్రిడ్‌ను కదిలించడం కూడా కష్టం. కానీ పడితే మాత్రం ఒడ్డున ఉండి చూసేవాళ్లం కాము, మనమూ అందులోనే ఉంటాం.

2012కూ ఇప్పటికీ రైల్వేలో ఒక పెద్ద తేడా ఉంది. అప్పుడు ఆగిన బండ్లను లాగడానికి డీజిల్ ఇంజిన్లు దొరికాయి, ఎందుకంటే చాలా దారుల్లో అవే నడిచేవి. నిజామాబాద్, నాందేడ్ మీదుగా వెళ్లే మన దారి కూడా మొన్నమొన్నటి దాకా డీజిల్ దారే. ఇప్పుడు దేశంలో బ్రాడ్‌గేజ్ దాదాపు అంతా కరెంటు తీగ కిందికి వచ్చేసింది. డీజిల్ దిగుమతి తగ్గింది, పొగ తగ్గింది, ఖర్చు తగ్గింది. ఈ మార్పు కావలసిందే. అయితే గ్రిడ్ పడితే రైల్వేకు వేరే కాలు లేకుండా పోయింది. ప్రతి డివిజన్‌లో కొన్ని డీజిల్ ఇంజిన్లను సిద్ధంగా, వాటిని నడపగల సిబ్బందిని సాధనలో ఉంచుకోవడం దుబారా కాదు. 2025 ఏప్రిల్ 28న స్పెయిన్, పోర్చుగల్ దాదాపు మొత్తం చీకటైనప్పుడు స్పెయిన్‌లో పొలాల మధ్య ఆగిన రైళ్ల నుంచి దాదాపు 35,000 మందిని దించాల్సి వచ్చింది. కొందరు రాత్రంతా పెట్టెల్లోనే గడిపారు.

రైల్వే సొంతంగా కరెంటు తయారు చేసుకోవచ్చు కదా అని అడిగేవాళ్లున్నారు. ఒకప్పుడు చేసుకుంది. భివండీకి దగ్గర్లోనే, కల్యాణ్ పక్కన ఠాకుర్లీలో, చోళా పవర్ హౌస్ అని రైల్వే సొంత విద్యుత్ కేంద్రం ఉండేది. 1929లో గ్రేట్ ఇండియన్ పెనిన్సులా రైల్వే దాన్ని మొదలుపెట్టింది. 1980ల చివర మూతపడింది. ఇప్పుడు బిహార్‌లోని నబీనగర్‌లో ఎన్‌టీపీసీతో కలిసి రైల్వేకు వెయ్యి మెగావాట్ల కేంద్రం ఉంది. అయితే చోళాకూ నబీనగర్‌కూ తేడా ఉంది. చోళా కరెంటు పక్కనే ఉన్న పట్టాలకు చేరేది. నబీనగర్ కరెంటు దేశమంతా తిరిగే గ్రిడ్ లైన్ల మీదుగానే రైల్వేకు చేరాలి. గ్రిడ్ పడితే సొంత కేంద్రం ఉన్నా లేనట్టే. సొంత కేంద్రం వల్ల ధర తగ్గుతుంది, ఆపదలో కాపాడుతుందని మాత్రం అనుకోకూడదు.

ఇందులో ఇంకో ముడి ఉంది. థర్మల్ కేంద్రాలకు బొగ్గు ఎక్కువగా రైలు మీదే పోతుంది. ఆ రైలును లాగేది కరెంటు ఇంజిను. రైలుకు కరెంటు కావాలి, కరెంటుకు రైలు కావాలి. 2022 వేసవిలో ఎండలు ముందే ముదిరి, కేంద్రాల్లో బొగ్గు నిల్వలు అడుగంటినప్పుడు, బొగ్గు రేకులకు దారి ఇవ్వడానికి రైల్వే వందల ప్రయాణికుల రైలు ట్రిప్పులు రద్దు చేసింది. గ్రిడ్ పడలేదు, పడకుండా చూడడానికే మన ప్రయాణాలు ఆగాయి. ఈ దెబ్బ కరెంటు పోయిన చోట తగలదు, ఇంకెక్కడో తగులుతుంది.

ముంబయి చీకటి తర్వాత చైనా హ్యాకర్ల మాట కూడా వచ్చింది. 2021 మార్చిలో ఒక అమెరికన్ సంస్థ నివేదిక ఆధారంగా వార్తలు రాగా, రాష్ట్ర హోంమంత్రి అనిల్ దేశ్‌ముఖ్ సైబర్ విధ్వంసం అనుమానం ఉందన్నారు. కేంద్ర విద్యుత్ మంత్రి ఆర్.కె. సింగ్ అది మనుషుల పొరపాటేనని, సైబర్ దాడి కాదని చెప్పారు. సైబర్ జాగ్రత్త తప్పకుండా కావాలి. కానీ ఒక సర్క్యూట్ మరమ్మతులో ఉంటే రెండోది మోయగలదా, అదీ పోతే దీవి నిలుస్తుందా అన్న ప్రశ్నకు హ్యాకర్ ఉన్నా లేకపోయినా జవాబు ఒకటే ఉండాలి.

తర్వాత కొంత పని జరిగింది. ఏళ్ల తరబడి నలిగిన ఖార్‌ఘర్–విక్రోలీ 400 కేవీ లైను 2023 అక్టోబర్‌లో నడకలోకి వచ్చింది. నగరానికి మరో వెయ్యి మెగావాట్లు మోసుకురాగల దారి ఇది. భివండీకి ఉత్తరాన వాడా తాలూకాలోని కుడూస్ నుంచి ముంబయి ఆరే వరకు, ఎక్కువ భాగం భూమి లోపల కేబుల్‌తో, మరో వెయ్యి మెగావాట్ల డీసీ లైను కూడా ఈ ప్రణాళికలోదే. మధ్యలో, 2022 ఫిబ్రవరి 27 ఆదివారం ఉదయం, ములుండ్–ట్రాంబే 220 కేవీ లైను తప్పుకుని దక్షిణ ముంబయికి కరెంటు పోయింది. అంధేరీ–చర్చిగేట్ మధ్య లోకల్స్ గంటసేపు తడబడ్డాయి. కొత్త దారులు ఎంత అవసరమో అది మరోసారి గుర్తు చేసింది. ఈ లైన్లు పోయేది మన ఊళ్ల పక్క నుంచే, టవర్లు నిలిచేది ఇక్కడి రైతుల పొలాల్లోనే. వాళ్లకు పరిహారం సకాలంలో, సరైన లెక్కన ముట్టకపోతే మళ్లీ కేసులు, మళ్లీ జాప్యం. నగరానికి వెలుగు కావాలంటే భివండీ, వాడా తాలూకాల రైతుకు న్యాయం జరగడం ఆ ఖర్చులో భాగమే.

చివరగా, పద్మానగర్ నుంచి థానేకో కల్యాణ్‌కో వెళ్లి లోకల్ ఎక్కేవాళ్లు తెలుసుకోవలసిన సంగతి ఒకటి ఉంది. గ్రిడ్ పడి బండి మధ్యలో ఆగినప్పుడు పైతీగలో కరెంటు లేదని కిందికి దిగకండి. ఆ తీగలోకి 25,000 వోల్టులు ఏ నిమిషంలోనైనా తిరిగి రావచ్చు, పక్క పట్టా మీదికి డీజిల్ ఇంజిన్ రావచ్చు. రైల్వే మనిషి కూడా తీగ దగ్గర పని చేయాలంటే, కరెంటు కట్టేసినట్టు కంట్రోల్ నుంచి కాగితం తీసుకుని, తీగను భూమికి కలిపాకే చెయ్యి వేస్తాడు. సబ్‌స్టేషన్‌కు కరెంటు వచ్చినా, పట్టాల మీద జనం నడుస్తున్నారని తెలిస్తే కంట్రోల్ ఆ ముక్కలో బండ్లు కదలనివ్వదు. ముందు మనుషులను తప్పించాలి, మోటర్‌మన్ నుంచి కబురు రావాలి. ఒక పెట్టెలోవాళ్లు దిగి నడిస్తే, వెనక వరసగా ఆగిన బండ్లన్నీ వాళ్లు స్టేషన్ చేరేదాకా అక్కడే ఉంటాయి.